ఇరవై ఏడు లైన్లు

ఎల్లారెడ్డి,
5 నవంబర్ 2012

స్నిగ్ధకు,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేంటని నవ్వుతావు. నవ్వుకో. మొన్న నువ్వు ఫోన్‌లో చెప్పిన కమాండ్ మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ ఒకచోట ఉండాల్సిన చుక్క ఇంకోచోట పడింది. నీ నోటికీ నా చెవికీ మధ్యలో చుక్కలు, కొటేషన్లు రాలిపోతున్నాయి. అందుకే కాగితం మీద పెడుతున్నాను. బుధవారం మన సంస్థ డ్రైవర్ స్వామిదాసు ఇక్కడ మందుల పెట్టెలు దించి జీపులో కామారెడ్డికి వెనక్కి వచ్చేటప్పుడు టపా సంచిలో ఇది తెస్తాడు. జవాబు కూడా అందులోనే వెయ్యి.

ఇక్కడ చేరి నెలయింది. పాలిటెక్నిక్‌లో నా ప్రోగ్రాములన్నీ పక్క బెంచీ నుంచి నువ్వే దిద్దావు కాబట్టి, నువ్వు రాసిన స్క్రిప్టు ఉన్న ఆఫీసే నాకు దొరకడం న్యాయమే. ఒకటో తారీకు పొద్దున అది నడిపాను. ఒక్కో ఊరి ఫైలూ తెరిచి, మూర్ఛ మందు ఇవ్వాల్సిన వాళ్ల పేర్లు ఏరి, జాబితా అచ్చు వేసింది. దేవయ్య సారు వరండాలో కూర్చుని పేర్లు పైకి చదివాడు. మందులు మోసే ఆడవాళ్లు చుట్టూ కూర్చుని, తమ మనిషి పేరు వచ్చినప్పుడల్లా "ఉంది" అని ఆ నెల మాత్రలు సంచిలో వేసుకున్నారు. హాజరు పట్టీలా ఉంటుంది, నాకు నచ్చింది.

ఒక్కటే చిక్కు. స్క్రిప్టు నడిచేటప్పుడు తెర మీద ఇరవై ఏడు లైన్లు పడుతున్నాయి, అన్నీ "అలాంటి ఫైలు లేదు" అనే. దేవయ్య సారు మన ఆఫీసుకు ఇన్‌చార్జి, ఆయనకు కంప్యూటర్ అంటే ముందే అనుమానం. వేలుతో లెక్కపెట్టి మరీ అరిచాడు. నేను ఫైళ్ల పేర్లు మార్చాను కాబట్టి అది పాత పేర్ల కోసం వెతుకుతోందని నా అనుమానం. వాటిని ఎలా ఆపాలో రాయి.

పేర్లు ఎందుకు మార్చానంటే, ఊళ్లన్నిటికీ పేర్లుండి మా తొమ్మిది తండాలకు మాత్రం టీ ఒకటి, టీ రెండు అని అంకెలున్నాయి. మా తండా టీ ఏడు. చూసి కడుపు మండింది. ఒక సాయంత్రం కూర్చుని తొమ్మిదింటికీ పూర్తి పేర్లు పెట్టాను. సోమ్లా నాయక్ తండా, ధర్మా నాయక్ తండా, ఎర్ర గుట్ట తండా... ఇప్పుడు తెర మీద చూస్తే మనుషులుండే చోట్లలా ఉన్నాయి.

నీ
ప్రకాశ్


కామారెడ్డి,
9 నవంబర్ 2012

ప్రకాశ్‌కు,

నెల తిరిగేసరికే నా స్క్రిప్టుకు వంకలు పెట్టేంత వాడివయ్యావన్నమాట. సంతోషం.

నీ అనుమానం నిజమే అయ్యుంటుంది. పేర్లు మారిస్తే కొన్నాళ్లు ఇలాగే గొణుగుతుంది. జాబితా అచ్చయింది, మాత్రలు వెళ్లాయి, ఇంక దాని గొణుగుడు ఎవరికి కావాలి? ఫైలు తెరిచే లైను చివర ఇది చేర్చు:

2>/dev/null

అంతే. తప్పుల మాటలన్నీ అడుగు లేని గోతిలోకి పోతాయి. తెర మీద ఒక్క అక్షరం పడదు. నేను ఇక్కడ పెద్దసారు గదిలోకి రాగానే చేసే మొదటి పని ఇదే. మన పైవాళ్లకు తప్పు ఉండటం కన్నా తప్పు కనబడటం పెద్ద కష్టం.

తండాలకు పేర్లు పెట్టడం మంచి పని. రెండేళ్ల కిందట ఆ అంకెలు వేసింది నేనే. పేర్లు తెలుసుకునే ఓపిక లేక వేశాను. తిట్టుకో, పడతాను.

మా అమ్మ ఇప్పుడే వచ్చి, ఎర్ర సిరాతో ఉత్తరాలేందని నన్ను తిడుతోంది. నీకు దిద్ది దిద్ది నీ పేరు రాయాలంటే చేయి ఎర్ర పెన్ను మీదికే పోతోంది.

స్నిగ్ధ


ఎల్లారెడ్డి,
7 జనవరి 2013

స్నిగ్ధకు,

నీ మంత్రం పారింది. రెండో నెల కూడా తెర సాఫీగా ఉంది. దేవయ్య సారు నా భుజం తట్టి, "మస్తు చేసినవ్ పో. ఇప్పుడు సాఫ్ కనబడుతున్నది" అన్నాడు. నా చేతికి తాళాల గుత్తి కూడా ఇచ్చాడు.

జాబితా ఇదివరకు మూడు పేజీలు వచ్చేదట, ఇప్పుడు రెండే వస్తోంది. మూడో పేజీ తండాలది. దసరా అయ్యాక తండాలు ఖాళీ అవుతాయి కదా, అందరూ చెరకు నరకను పోతారు. నేనూ చిన్నప్పుడు మా బాపు వెంట పోయినవాణ్నే, గుడిసెకు అడ్డంగా కంప పెట్టి పోయేవాళ్లం. మా అన్న లింబ్యా కూడా పోయే ముందు ఫోన్ చేశాడు. అందుకని నెల నివేదికలో తొమ్మిది తండాల ఎదురుగా కారణం గడిలో "వలస" అని రాసి పంపుతున్నాను. దేవయ్య సారు కూడా అదే రాయమన్నాడు.

తండాలకు మందు మోసే గంగమణి మాత్రం ప్రతి నెలా వచ్చి చివరి దాకా కూర్చుంటుంది. మొన్న అందరూ లేచాక నా దగ్గరికి వచ్చి, "మా తండాలు పిలువనే లేదు సారూ" అంది. వలస పోయారు కదా అన్నాను. ఆమె ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని పోయింది. రానక్కర్లేదని ఆమెకు చెప్పాలి, ఆటోలో గంట ప్రయాణం వృథా.

నేను ఇంటికి పోయి మూడు నెలలవుతోంది. అన్నా వదినా లేని ఇంటికి పోయి ఏం చేయాలి? హోలీకి వస్తారు, అప్పుడు పోతాను.

ప్రకాశ్


కామారెడ్డి,
12 జనవరి 2013

ప్రకాశ్‌కు,

నీ నివేదిక నా బల్ల మీదికే వచ్చింది. తొమ్మిదింటికి తొమ్మిదీ వలసేనా? ముసలివాళ్లు, నడవలేని వాళ్లు అయినా మిగలరా? మాది సదాశివనగర్ దగ్గర పొలాల ఇల్లు. మా కూలీలు వచ్చేటప్పుడు తెలుసు గానీ పోయేటప్పుడు ఎక్కడికి పోతారో నేనెప్పుడూ అడగలేదు. తండా సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు కాబట్టి సరేనని సంతకం పెట్టి పైకి పంపాను.

తీరిక దొరికితే ఆ స్క్రిప్టు ఒకసారి అచ్చు తీసి పంపు. రెండేళ్ల కిందటి నా తెలివితేటలు ఎలా ఉండేవో చూసుకోవాలని ఉంది. తొందరేం లేదు.

స్నిగ్ధ


ఎల్లారెడ్డి,
4 మార్చి 2013

స్నిగ్ధకు,

స్క్రిప్టు అచ్చు తీసి దీనితో పెట్టాను. తప్పెక్కడుందో చూసి గుర్తు పెట్టి పంపు. ఒక్క లైను కూడా వదలకు. నాకు ఎక్కడుందో తెలుసనుకుంటున్నాను, కానీ నా కళ్లను నేను నమ్మను. నీ చేత్తో గుర్తు పడాలి.

ఇప్పుడు వేరే ఏదీ అడగకు.

ప్రకాశ్


కామారెడ్డి,
8 మార్చి 2013

ప్రకాశ్‌కు,

అబ్బో, హుకుములు. సరే, కాగితం ముందు పెట్టుకున్నాను.

ఐదో లైను. పాత జాబితాలున్న గదిలోకి, అంటే ఫోల్డర్‌లోకి, వెళ్లి వాటిని చెరిపేయమని రాశాను. ఆ గది దొరక్కపోతే ఏం చేయాలో రాయలేదు. అప్పుడు ఎక్కడుంటే అక్కడివన్నీ చెరిపేస్తుంది. గది దొరికితేనే చెరుపు అని మధ్యలో ఒక షరతు పెట్టు. ఇన్నాళ్లు ఏమీ కాకపోవడం మన అదృష్టం.

పదకొండో లైను. ఏ ఫైలులోంచి పేర్లు చదువుతోందో ఆ ఫైలు మీదనే వరస చేసి రాయమన్నాను. చదవకముందే దాన్ని ఖాళీ చేసేస్తుంది. వేరే ఫైలులో రాసి తర్వాత పేరు మార్చాలి. ఇది నడవని ముక్క కాబట్టి బతికిపోయాం. సిగ్గుగా ఉంది, కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్లూ చేసే తప్పులన్నీ వరసగా చేశాను.

పద్నాలుగో లైను. ఫైలు తెరిచే చోట ఫైలు పేరుకు బదులు $f అని ఊరికే వదిలేశాను. దానికి అటూ ఇటూ కొటేషన్ గుర్తులుండాలి, "$f" అని. లేకపోతే పేరులో ఖాళీ వచ్చిన చోటల్లా కంప్యూటర్ దాన్ని విరిచేస్తుంది. పిట్లం, గాంధారి లాంటి ఒంటి పేర్లకు ఏమీ కాదు. అదే

9వ తారీకు

నిన్న అక్కడ ఆపేశాను. రాయలేకపోయాను.

సోమ్లా నాయక్ తండా అనేది దానికి ఒక చోటు కాదు. సోమ్లా అనే ఫైలు వెతికింది, లేదు. నాయక్ అనే ఫైలు వెతికింది, లేదు. తండా అనే ఫైలు వెతికింది, లేదు. ఒక్కో తండాకు మూడు లైన్లు. నీ మొదటి ఉత్తరం తీసి చూశాను. తొమ్మిది తండాలకు పేర్లు పెట్టానని రాశావు, ఇరవై ఏడు లైన్లు పడ్డాయని రాశావు. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. నేను చదివాను. ఆ ఇరవై ఏడులో ఒక్క లైనైనా ఉన్నదున్నట్టు రాసి పంపమని అడగలేదు. దాని నోరు నొక్కే ఉపాయం చెప్పాను.

వాళ్లు వలస పోలేదు కదా ప్రకాశ్? నవంబర్ నుంచి ఎవరికీ మందు పోలేదు కదా? ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదని మనకు శిక్షణలో మొదటి రోజే చెప్పారు.

ఎంతమంది? నువ్వు అడగొద్దన్నా అడుగుతున్నాను. ఎవరికైనా ఏమైనా అయిందా?

స్నిగ్ధ


ఎల్లారెడ్డి,
15 మార్చి 2013

స్నిగ్ధకు,

ముప్పై ఒక్కమంది.

మా వదిన హంస్లి అందులో ఒకరు. ఫిబ్రవరి ఇరవై ఒకటిన పోయింది. పోయిన ఉత్తరంలో రాయలేదు. రాస్తే నువ్వు నా మీద జాలితో తప్పు వెతుకుతావు, లేదా వెతకలేవు. రెండూ నాకు వద్దనిపించింది.

ఆమెకు ఇరవై ఏళ్ల నుంచి మూర్ఛ. మన సంస్థ మందు మొదలుపెట్టాక రెండేళ్లు ఒక్కసారి కూడా రాలేదు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నేను పాలిటెక్నిక్‌కి కామారెడ్డి వచ్చే రోజుల్లో మొదటి బస్సుకు ముందే లేచి జొన్నరొట్టెలు కట్టిచ్చేది. నీకు గుర్తుందో లేదో, వాటిలో సగం నువ్వే తినేదానివి.

ఈసారి ఆమె వలస పోలేదు. కూతురు సునీల బడి పాడవుతుందని అన్నను ఒక్కణ్నే పంపింది. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. డిసెంబర్‌లో ఒకసారి మూర్ఛ వచ్చింది. జనవరిలో నాలుగుసార్లు. ఆ రోజు మిరప తోటకు నీళ్లు పారిస్తూ బోరు కాలువలో బోర్లా పడింది. ఆ కాలువలో నీళ్లు చీలమండ దాకా కూడా రావు. పక్క చేను వాళ్లు వచ్చేసరికి అయిపోయింది.

పదో రోజు అయ్యాక గంగమణి వచ్చి కూర్చుంది. నవంబర్‌లో మందు రాకపోతే వదిన ఆమెను అడిగిందట. నీ పేరు పిలువలేదని చెప్పిందట. ఏడాది నుంచి మందు తెచ్చిచ్చే మనిషి కదా, గంగమణి భయపడి, ప్రకాశ్‌కు ఫోన్ చెయ్యమని కూడా అందట. దానికి మా వదిన ఏమందో గంగమణి ఉన్నదున్నట్టు చెప్పింది.

"మా మరిదే కంప్యూటర్ కాడ కూసుంటడు. ఆయన తీసేసిండంటే నాకు నయమైనట్టే."

జనవరిలో నాలుగుసార్లు పడ్డాక కూడా అదే మాట మీద ఉందట. నయమైనాక కొన్ని రోజులు గిట్లనే ఉంటదేమో అందట. నన్ను అడిగితే నా పనిని అనుమానించినట్టు అవుతుందని అడగలేదట.

మిగిలిన ముప్పైమంది ఇండ్లకు తిరుగుతున్నాను. దేవయ్య సారు సెలవు ఇవ్వలేదు, అడగడం మానేశాను. మందు మళ్లీ మొదలుపెట్టే పని డాక్టరుకు అప్పజెప్పాను. నేను వలస అని రాసిన వాళ్లలో నిజంగా వలస పోయింది ఐదుగురే. ఎర్ర గుట్ట తండాలో ఒకాయన పొయ్యిలో పడి చేయి కాల్చుకున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఆఫీసు నుంచి వచ్చానని.

నిన్ను ఏమీ అనను. గుర్తులు నువ్వు మరిచావు, ఖాళీలు నేను వదిలాను, నోరు నొక్కింది ఇద్దరం. కానీ వలస అని రాసింది నేనొక్కణ్నే. తండాలో పుట్టినవాణ్ని, మా వాళ్లు కనబడకపోతే ఎటో పోయి ఉంటారని నేనే అనుకున్నాను.

ప్రకాశ్


కామారెడ్డి,
25 మార్చి 2013

ప్రకాశ్‌కు,

ఆ రొట్టెలు గుర్తున్నాయి. ఎర్రకారం ఒక కాగితంలో విడిగా కట్టి ఉండేది. ఆమె పేరు కూడా నేను ఎప్పుడూ అడగలేదు.

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇది నీకు తెలియాలి. ఐదో రోజు వివరణ రాయడానికి కూర్చున్నాను. మొదట రాసినదాంట్లో, ఎల్లారెడ్డి ఆపరేటర్ అనుమతి లేకుండా ఫైళ్ల పేర్లు మార్చడం వల్ల పొరపాటు జరిగిందని రాశాను. ఒక్క మాట అబద్ధం లేదు. చదువుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. చింపేసి, స్క్రిప్టు రాసింది నేను, కొటేషన్లు పెట్టనిది నేను, తప్పు సందేశాలు కనబడకుండా చేయమన్నదీ నేను అని రాసి పెద్దసారుకు ఇచ్చాను.

ఆయన రెండుసార్లు చదివి, తలుపు వేసి రమ్మన్నాడు. నివేదికల్లో వలస అని ఉంది, నీ సంతకమూ ఉంది, ఆ పిల్లవాడి సంతకమూ ఉంది, ఉండనీ అన్నాడు. "ఎవ్వరూ అడగని దాన్ని మనమే తవ్వుకునుడెందుకమ్మా? చనిపోయినామె యాడికీ పోయి చెప్పదు" అన్నాడు. నేను కాగితం వెనక్కి తీసుకోలేదు. ఒకటో తారీకు నుంచి రావద్దన్నారు.

అమ్మకు చెప్పాను. అంతా వింది. తర్వాత, ఆ పిల్ల సునీలకు ఎన్నేళ్లని అడిగింది. నాకు తెలియదన్నాను.

నవంబర్ తొమ్మిదిన నేను రాసిన ఉత్తరం నీ దగ్గర ఉంటే చింపకు. ఎవరైనా అడిగితే చూపించు. ఎర్ర సిరా కాబట్టి నాది కాదని అనడానికి వీల్లేదు.

దిద్దిన స్క్రిప్టు చేత్తో రాసి దీనితో పెట్టాను. లైను చివర ఉన్న ఆ ముక్క తీసేశాను. ఏప్రిల్ ఒకటిన నడిపేటప్పుడు తప్పు వస్తే తెర మీద పడనీ. పడినదాన్ని ఉన్నదున్నట్టు రాసుకో. దేవయ్య సారు అరిస్తే అరవనీ.

నన్ను క్షమించమని అడగను. అది ఇవ్వాల్సింది నువ్వు కాదు.

స్నిగ్ధ


ఎల్లారెడ్డి,
2 ఏప్రిల్ 2013

స్నిగ్ధకు,

టపా సంచిలో వేస్తే ఆఫీసులోనే ఆగిపోతుందని ఇది పోస్టులో నీ ఇంటికి పంపుతున్నాను. సునీలకు పదేళ్లు. అమ్మకు చెప్పు.

నిన్న పొద్దున దిద్దిన స్క్రిప్టు నడిపాను. తెర మీద ఏమీ పడలేదు. ఈసారి నిజంగానే ఏమీ లేదు కాబట్టి. జాబితా మూడు పేజీలు వచ్చింది.

మూడో పేజీ ఏడో లైనులో వదిన పేరు ఉంది. హంస్లి, భర్త లింబ్యా, సోమ్లా నాయక్ తండా, మందు ఇవ్వవలెను. ఫైలులో ఆమె పేరు ఎదురుగా ముగింపు గడి నింపకపోతే స్క్రిప్టు ప్రతి నెలా ఆమెను పిలుస్తుంది. ఆ గడిలో మూడు అంకెలే పడతాయి. ఒకటి వేస్తే నయమైంది, రెండు వేస్తే వలస, మూడు వేస్తే జబ్బుతో మరణం. మొన్నటి నుంచి మూడుసార్లు ఆ గడి దాకా పోయి వచ్చాను. ఆమె జబ్బుతో పోలేదు. జబ్బుకు మందు ఉంది, ఇదే ఆఫీసు బీరువాలో, అట్టపెట్టెలో, ఆమె పేరు మీద.

స్క్రిప్టు తెరిచి నాలుగో అంకె చేర్చాను. నాలుగు వేస్తే, మందు అందక మరణం. నీ పద్ధతిలోనే, కొటేషన్లు పెట్టి రాశాను. నివేదిక అచ్చులో ఆ మాట అలాగే వస్తుంది, ఒక కాపీ జిల్లాకు పోతుంది. దేవయ్య సారు సంతకం పెట్టనన్నాడు. నా సంతకంతోనే పంపాను. నీ నవంబర్ ఉత్తరం, నా జనవరి నివేదిక రెండూ నకళ్లు తీసి వెనక పిన్ను చేశాను. నా ఉద్యోగం ఎన్నాళ్లో తెలియదు. పోయే ముందు ముప్పైమందికీ మే నెల మందు చేతికి ఇచ్చి పోతాను.

కానీ నాలుగు వేసింది జాబితా చదివాక. అంతకుముందు వేయబుద్ధి కాలేదు. ఐదు నెలలు పిలవని పేరు ఒక్కసారైనా ఆ వరండాలో వినపడాలనుకున్నాను.

దేవయ్య సారు నిన్న గొంతు బాగాలేదన్నాడు. నేనే చదివాను. రెండు పేజీలూ ఎప్పటిలాగే అయ్యాయి. మూడో పేజీ తిప్పగానే గంగమణి చంకలోంచి సంచి తీసి విప్పి ఒడిలో పరిచింది. మొదటి పేరు చదివాను, ఉంది అంది. రెండోది, ఉంది. ఆరు పేర్లకూ గట్టిగా చెప్పింది, అంత గట్టిగా అక్కడ ఎవరూ చెప్పరు. ఏడో పేరు వచ్చింది. చదివాను.

 అందరూ గంగమణి వైపు చూశారు. సంచి అంచును వేళ్లతో సరిచేసుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"పిలిస్తే ఉంటుండె సారూ."

తర్వాతి పేరు చదివాను.

ప్రకాశ్